నాయన కంప్యూటర్‌లో విండోస్ 11 వేయొచ్చా?

ప్రశ్న: మాది కావలి. పెళ్లయ్యాక ఒంగోలులో ఉంటున్నాను. మా నాయన హైస్కూల్లో తెలుగు అయ్యవారుగా చేసి రిటైరయ్యారు. 2014లో నేను ఇంజినీరింగ్‌లో చేరినప్పుడు నెల్లూరు ట్రంకురోడ్డులో అసెంబుల్ చేయించిన కంప్యూటరే ఇప్పటికీ ఇంట్లో ఉంది. ఐ3 నాలుగో తరం, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. మొదట విండోస్ 7 ఉండేది. 2016లో ఉచితంగా ఇస్తున్నారంటే 10కి మార్చాం. నాయన తన పద్యాలు, మా వంశవృక్షం అన్నీ దాంట్లోనే అను ఫాంట్లతో టైపు చేసుకుంటారు. రెండేళ్ల కిందట పోయిన మా అమ్మ ఫోటోలు, వీడియోలు కూడా దాంట్లోనే ఉన్నాయి. తమ్ముడు తుమ్మలపెంట దగ్గర రొయ్యల గుంటల మేత లెక్కలు, బ్యాంకు పనులు దాని మీదే చూస్తాడు. విండోస్ 10కి అప్‌డేట్లు ఆగిపోయాయనీ, ఈ పీసీ విండోస్ 11కి పనికిరాదనీ తెర మీద వస్తోంది. మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు షాపులో అడిగితే "పాత సామాన్ల కింద ఇచ్చేసి కొత్తది కొనండి" అన్నారు. తమ్ముడి స్నేహితుడేమో "రూఫస్ అనే ప్రోగ్రాంతో పెన్‌డ్రైవ్ చేసి అరగంటలో 11 వేసేస్తాను అక్కా" అంటున్నాడు. నాయన "నా అక్షరాలు నాకు కనపడితే చాలు" అంటారు. నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది. వేయించమంటారా, వద్దంటారా? ఇంకొకటి, ఈ మధ్య ఆన్ చేసినప్పుడల్లా తేదీ పాతదే చూపిస్తోంది. అది కూడా దీనివల్లేనా?

సమాధానం:

అమ్మా, వేయొచ్చు. మీ నాయనగారి కంప్యూటర్‌కి ఆ సత్తా ఉంది. కానీ మీ తమ్ముడి స్నేహితుడు చెప్పినట్టు అది అరగంట పని కాదు. అందరూ సెటప్ నడిచే సమయాన్నే లెక్కేస్తారు. దానికి ముందు ఒక రోజు పని ఉంది, తర్వాత ఏటా ఒక పూట పని ఉంటుంది. ఆ ఏటా పూట ఎవరు ఇస్తారో తేలాకే వేయించాలా వద్దా అన్నది తేల్చుకోవాలి.

ముందు టెన్షన్ తగ్గే మాట చెబుతాను. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిన మాట నిజమే. అయితే ఇళ్లలో వాడే కంప్యూటర్లకు మైక్రోసాఫ్ట్ మరో ఏడాది, అంటే 2026 అక్టోబర్ 13 దాకా, భద్రతా అప్‌డేట్లు ఇస్తానని ప్రకటించింది. దానికి పేరు నమోదు చేసుకోవాలి. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీ తెరిస్తే నమోదు చేసుకోమనే లింకు కనిపిస్తుంది. వెర్షన్ 22హెచ్2 అయి ఉండాలి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ కావాలి. సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేసుకోవడానికి ఒప్పుకుంటే డబ్బు కట్టే పనిలేదు. తమ్ముడికి ఫోన్ చేసి ఈ రాత్రే చేయించండి. అక్కడ బ్యాంకు పనులు జరుగుతున్నాయన్నారు కాబట్టి దీన్ని వాయిదా వేయొద్దు. ఇది పూర్తయితే మీ చేతిలో కొన్ని నెలలు ఉంటాయి, మిగతాదంతా నింపాదిగా చేసుకోవచ్చు. నమోదయ్యేదాకా బ్యాంకు పనులు ఫోన్లోనే చూసుకోమనండి.

తేదీ వెనక్కి పోవడానికీ విండోస్‌కీ సంబంధం లేదు. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది, దాని నంబరు సీఆర్ 2032. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపించేది అదే. పదేళ్లు దాటిన కంప్యూటర్‌లో అది అయిపోవడం మామూలే. వాచీ రిపేరు షాపులో కూడా దొరుకుతుంది. చిన్న విషయమే అయినా ముందు అదే మార్చమంటున్నాను, దానికి కారణం ఉంది. ఆ బ్యాటరీ పోతే తేదీతో పాటు బయోస్ (ఆన్ చేయగానే విండోస్ కంటే ముందు నడిచే ప్రోగ్రాం) సెట్టింగులూ మొదటికొస్తాయి. మీరు కష్టపడి కొత్త సిస్టమ్ వేసుకున్నాక, ఒక రాత్రి కరెంటు పోయి వస్తే పొద్దున "బూట్ డివైస్ లేదు" అని నల్ల తెర వస్తుంది. అప్పుడందరూ విండోస్ 11నే తిడతారు. తేదీ తప్పుగా ఉంటే సురక్షితమైన వెబ్‌సైట్లు కూడా తెరుచుకోవు, సర్టిఫికెట్ సరిగా లేదని హెచ్చరిక వస్తుంది. మీ తమ్ముడికి బ్యాంకు సైటు అప్పుడప్పుడూ మొరాయిస్తుంటే కారణం ఇదే కావచ్చు.

ఇక అసలు విషయం. విండోస్ 11 మీ కంప్యూటర్‌ను ఎందుకు వద్దంటోంది? మైక్రోసాఫ్ట్ గీసిన గీత ఇది: ఇంటెల్ అయితే ఎనిమిదో తరం నుంచి, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, ఆన్ అయ్యేటప్పుడు నమ్మకమైన సిస్టమ్‌నే నడవనిచ్చే సెక్యూర్ బూట్, కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్క్. మీకున్నది నాలుగో తరం. 2014లో అసెంబుల్ చేసిన వాటిలో టీపీఎం దాదాపు ఉండేది కాదు. ఆ చిప్ తాళంచెవులు దాచుకునే పెట్టెలాంటిది. డిస్క్‌ను గుప్తీకరించినప్పుడు ఆ తాళం దాంట్లో ఉంటుంది. అది లేకపోయినా పద్యాలు టైపు చేయడానికీ, మేత లెక్కలు రాయడానికీ ఏ అడ్డూ లేదు. కంప్యూటర్‌ను ఎవరైనా ఎత్తుకుపోతే డిస్క్‌లోనివి చదవగలుగుతారన్నది నిజమే, కానీ ఆ పరిస్థితి ఇప్పుడు విండోస్ 10లోనూ ఉంది. ప్రాసెసర్ విషయంలో మాత్రం మైక్రోసాఫ్ట్ చెప్పేదాంట్లో న్యాయం ఉంది. హానికర ప్రోగ్రాములు విండోస్ లోపలి భాగంలోకి చొరబడకుండా చూసే మెమరీ ఇంటెగ్రిటీ అనే రక్షణ ఒకటుంది. దాన్ని వేగంగా నడిపే ఏర్పాటు ఇంటెల్ ఏడో తరం నుంచే చిప్‌లోకి వచ్చింది. అంతకు ముందువాటిలో అదే పని సాఫ్ట్‌వేర్‌తో చేయాల్సి వస్తుంది, మెషీన్ నెమ్మదిస్తుంది. మీ దాంట్లో అది ఆన్ అయి ఉంటే ఆఫ్ చేసుకోవాల్సి రావచ్చు. ఆ మేరకు ఒక రక్షణ పొర తగ్గినట్టే, తెలిసి ఒప్పుకోవాల్సిన విషయం.

దాటలేని గోడ వేరే ఉంది. 2024లో వచ్చిన 24హెచ్2 వెర్షన్ నుంచి ప్రాసెసర్‌కి ఎస్ఎస్ఈ 4.2, పాప్‌కౌంట్ అనే ఆదేశాలు తెలిసి ఉండాలి. తెలియకపోతే విండోస్ 11 అసలు మొదలవ్వదు, ఆ గోడను రూఫస్ కూడా దాటించలేదు. మీదానికంటే పాతవైన కోర్ 2 డ్యుయో మెషీన్లు అక్కడే ఆగిపోతాయి. మీ నాలుగో తరం ఐ3కి రెండూ వచ్చు. అందుకే సత్తా ఉందన్నాను.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల కిందట ఒంగోలులో మా బావగారింట్లో కంప్యూటర్ నెమ్మదించిందంటే విండోస్ మళ్లీ వేస్తానని కూర్చున్నాను. అక్కయ్య కాఫీ తెచ్చేలోపు అయిపోతుందనుకున్నాను. సెటప్ నడుస్తుంటే డిస్క్‌లోని భాగాల జాబితా వచ్చింది. మామూలుగా మనకు కనిపించే సీ, డీ అనే అక్షరాలు ఆ తెర మీద ఉండవు. డ్రైవ్ 0 పార్టిషన్ 1, పార్టిషన్ 2, పార్టిషన్ 3 అని మాత్రమే ఉంటాయి. పక్కన సైజు ఉంటుంది. సీ, డీ రెండూ ఇంచుమించు ఒకే సైజు. నేను చెరిపింది డీ. మా మేనకోడలి ఓణీల ఫంక్షన్ వీడియోలు, ఫోటోలు అన్నీ దాంట్లోనే ఉన్నాయి. రికవరీ సాఫ్ట్‌వేర్ రాత్రంతా నడిపితే కొన్ని తిరిగొచ్చాయి. పేర్లు పోయి అంకెలు మిగిలాయి. తెరిస్తే కొన్ని ఫోటోల్లో పై సగం బొమ్మ, కింది సగం బూడిద రంగు. ఒక ఫోటోలో పిల్ల ముఖం ఉంది, ఓణీ లేదు. మా అక్క నన్ను ఒక్క మాట అనలేదు. ఆ ఫోటో మాత్రం ప్రింటు తీయించి ఆల్బంలో పెట్టుకుంది. ఆ ఇంటికి వెళ్లినప్పుడల్లా అది చూస్తాను.

మీ డిస్క్‌లో మీ అమ్మ ఉంది. అందుకే మీకు చెప్పే మొదటి నియమం: ఇప్పుడున్న హార్డ్ డిస్క్ మీద ఎవరూ ఏమీ ఇన్‌స్టాల్ చేయకూడదు. చెరపడం, ఫార్మాట్ చేయడం, అప్‌గ్రేడ్ చేయడం ఏదీ వద్దు. కొత్తగా 256 జీబీ ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, వేగమైన డిస్క్) ఒకటి కొనండి. మామూలు సాటా రకం చాలు, మీ మదర్‌బోర్డుకి సరిపోతుంది. విండోస్ 11 దాని మీదే వేయించండి. వేసేటప్పుడు పాత హార్డ్ డిస్క్ కేబుళ్లు రెండూ, కరెంటుదీ డేటాదీ, పీకేసి పక్కన పెట్టమనండి. అప్పుడు సెటప్ తెర మీద ఒకే డిస్క్ కనిపిస్తుంది. నా చేతుల్లో జరిగింది ఇంకెవరి చేతుల్లోనూ జరిగే అవకాశం ఉండదు. నచ్చకపోతే పాత డిస్క్ మళ్లీ తగిలిస్తే పాత విండోస్ 10 ఎలా వదిలారో అలాగే వస్తుంది. బయోస్‌లో బూట్ పద్ధతి మార్చాల్సి వస్తే తిరిగి ఎలా పెట్టాలో తెలియాలి కదా, అందుకని మొదలుపెట్టే ముందే ఆ పేజీలన్నీ ఫోన్‌తో ఫోటోలు తీసుకోండి.

ఎస్ఎస్‌డీ వల్ల ఇంకో లాభం కూడా ఉంది. ఈ కంప్యూటర్ నెమ్మదిగా ఉందని మీకనిపిస్తుంటే అందులో పెద్ద తప్పు పాత హార్డ్ డిస్క్‌ది. ప్రాసెసర్‌ది కాదు. దాంతో పాటు ఇంకో 4 జీబీ డీడీఆర్3 ర్యామ్ వేయిస్తే, మొత్తం 8 అయితే, మీ నాయన పని హాయిగా సాగుతుంది. 4తో విండోస్ 11 నడుస్తుంది గానీ, బ్రౌజర్‌లో నాలుగు పేజీలు తెరిచేసరికి ఆయాసపడుతుంది.

పాత డిస్క్ పీకి పక్కన పెట్టినంత మాత్రాన బ్యాకప్ అయినట్టు కాదు. అది పన్నెండేళ్ల డిస్క్, పైగా మీ కావలి వైపు గాలి ఉప్పు గాలి. బీరువాలో పెట్టిన డిస్క్ మళ్లీ తగిలించినప్పుడు తిరగకపోవచ్చు కూడా. కాబట్టి ఇన్‌స్టాల్ మాట తలపెట్టే ముందే ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొని అన్నీ దాంట్లోకి కాపీ చేయండి. కాపీ అయ్యాక అక్కడా ఇక్కడా ఆ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూడండి. ఫైళ్ల సంఖ్య, సైజు రెండు చోట్లా ఒకటిగా ఉండాలి. ఒక ఫైలు తేడా ఉన్నా ఆగి వెతకండి. అమ్మ వీడియోలు రెండు మూడు ఎక్స్‌టర్నల్ డిస్క్ నుంచే తెరిచి, మధ్యలోకి జరిపి చూడండి. ఫోటోలూ వీడియోలూ ఇంకో ప్రతి మీ ఒంగోలు ఇంట్లో కూడా ఉండాలి. తుఫానులొచ్చే ఊళ్లలో ఉంటున్న మనం ఒకే ఇంట్లో రెండు ప్రతులు పెట్టుకుని ధైర్యంగా ఉండలేం.

కాపీ చేసే రోజు మీ నాయన పక్కన కూర్చోవాలి. ఇది తప్పనిసరి. డీ డ్రైవ్ కాపీ చేస్తే అన్నీ వచ్చేశాయని కుర్రవాళ్లు అనుకుంటారు. పెద్దవాళ్ల ఫైళ్లు డెస్క్‌టాప్ మీద, డాక్యుమెంట్స్‌లో, డౌన్‌లోడ్స్‌లో ఉంటాయి. అవన్నీ సీ డ్రైవ్‌లోనివి. "న్యూ ఫోల్డర్ 3" అని ఎవరూ పట్టించుకోనిదాంట్లో వంశవృక్షం ఉండొచ్చు. ఆ సంగతి ఆయనకే తెలుసు. బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు, బుక్‌మార్కులు కూడా అప్పుడే తీసుకోండి.

ఇప్పుడు అను ఫాంట్ల సంగతి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపింది ఇదే. షాపువాళ్లు గానీ, తమ్ముడి స్నేహితుడు గానీ దీని గురించి అడిగి ఉండరు. ఇప్పుడు మనం ఫోన్లలో టైపు చేసే తెలుగు యూనికోడ్. అంటే "క" అక్షరానికి ప్రపంచంలో ఏ మెషీన్‌లోనైనా ఒకే సంఖ్య ఉంటుంది. అను పద్ధతి అది కాదు. అందులో ఫైలు లోపల ఉండేవి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులే. ఫాంటు వాటికి తెలుగు బొమ్మ తొడుగుతుంది. ఫాంటు లేని కంప్యూటర్‌లో అదే ఫైలు తెరిస్తే పద్యం బదులు అర్థం కాని గీతలు, చుక్కలు, ఇంగ్లిష్ అక్షరాలు కలగాపులగంగా కనిపిస్తాయి. ఫైలు పాడైపోయిందనుకుని చెరిపేసినవాళ్లు నాకు తెలుసు. పాడవలేదు, ఫాంటు లేదంతే. మీ నాయన "నా అక్షరాలు నాకు కనపడితే చాలు" అన్నారు చూశారా, ఆయన సరిగ్గా అసలు ప్రమాదాన్నే చెప్పారు.

కాబట్టి ఫైళ్లతో పాటు ఫాంట్లు కూడా తీసుకోవాలి. విండోస్ ఫోల్డర్ లోపల ఫాంట్స్ ఫోల్డర్‌లో ఉంటాయి, అను పేర్లున్నవన్నీ కాపీ చేయండి. అది చూడ్డానికి మాత్రమే సరిపోతుంది. టైపు చేయడానికి కీబోర్డు ప్రోగ్రాం కూడా కావాలి. దాని సీడీ, సీరియల్ నంబరు మీ నాయన దగ్గర ఉన్నాయేమో అడగండి. పాత పుస్తకాల అరలో ఉంటాయి. సీడీ ఉన్నా మీ కొత్త ఏర్పాటులో సీడీ డ్రైవ్ పనిచేయకపోతే ఇబ్బంది, అందుకని ముందే దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి.

ఇంకో మాట. పాత విండోస్ 10లో ఉండగానే ప్రతి పద్యాల ఫైలూ తెరిచి, ప్రింట్ నొక్కి, ప్రింటర్ జాబితాలో మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్ ఎంచుకుని సేవ్ చేయండి. పీడీఎఫ్‌లో అక్షరాల బొమ్మలు లోపలే ఉండిపోతాయి. ఏ ఫోన్లో తెరిచినా ఆయన టైపు చేసినట్టే కనిపిస్తాయి. వందల ఫైళ్లుంటే రెండు మూడు ఆదివారాలు పడుతుంది, అయినా చేయండి. ఇది ఈ పని మొత్తంలో అన్నిటికంటే విలువైన భాగమని నా నమ్మకం. విండోస్ 11 వేయించినా, వేయించకపోయినా చేయదగ్గది. తర్వాత తీరిగ్గా అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు వాడొచ్చు. వాటిలో వత్తులు, గుణింతాలు అక్కడక్కడా తారుమారవుతాయి, ఛందస్సు తెలిసిన మనిషే కూర్చుని దిద్దాలి. ఆ పనికి మీ నాయనను మించినవాళ్లు మీకు దొరకరు. బహుశా ఆయనకు ఇష్టమైన పని కూడా అవుతుంది.

ఇక్కడే ఇంకో మెలిక ఉంది. 2014లో 4 జీబీ మెషీన్లలో చాలా షాపులవాళ్లు 32 బిట్ విండోస్ వేసి ఇచ్చేవారు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్ పేజీ తెరిచి సిస్టమ్ టైప్ చూడండి. అక్కడ 32 బిట్ అని ఉంటే, మీకు అప్‌గ్రేడ్ దారి లేదు, కొత్తగా వేయడమే దారి. విండోస్ 11 64 బిట్‌లో మాత్రమే వస్తుంది. మరీ పాత 16 బిట్ ప్రోగ్రాములు దాని మీద నడవవు. ప్రింటర్‌కి కూడా 64 బిట్ డ్రైవర్ కావాలి. మన దగ్గర డీటీపీ సెంటర్లలోనూ ఇళ్లలోనూ ఎక్కువగా కనిపించే కానన్ ఎల్‌బీపీ 2900కి 64 బిట్ డ్రైవర్ ఉంది. మీది వేరేదైతే మోడల్ నంబరు చూసుకుని, ఆ కంపెనీ సైటు నుంచి డ్రైవర్ ముందే దించి పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోండి.

లైసెన్సు గురించి అడగలేదు గానీ చెబుతాను. మీ విండోస్ 10 సక్రమంగా యాక్టివేట్ అయి ఉంటే ఆ హక్కు మదర్‌బోర్డుకి అంటిపెట్టుకుని ఉంటుంది. డిస్క్ మార్చినా పోదు. సెటప్‌లో ప్రాడక్ట్ కీ లేదని చెప్పి, ఇప్పుడున్న ఎడిషన్‌నే, హోమ్ అయితే హోమ్, ప్రో అయితే ప్రో, ఎంచుకుంటే ఇంటర్నెట్ తగలగానే అదే యాక్టివేట్ అవుతుంది. ముందుగా సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ పేజీ చూసుకోండి. అక్కడ యాక్టివేట్ కాలేదని ఉంటే, "యాక్టివేటర్" అని ఎవరైనా పెన్‌డ్రైవ్‌లో తెచ్చే ప్రోగ్రాం ముట్టుకోనివ్వొద్దు. అది నడవాలంటే ముందు యాంటీవైరస్ ఆపమంటుంది. మీ తమ్ముడి బ్యాంకు పాస్‌వర్డ్ ఉన్న మెషీన్‌లో యాంటీవైరస్ ఆపి, ఎవరు రాశారో తెలియని ప్రోగ్రాం నడపడం ఇంటి తాళం దారినపోయేవాడి చేతికివ్వడమే.

రూఫస్‌తో వేసే పని మీ తమ్ముడి స్నేహితుడికి తెలుసు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. విండోస్ 11 ఐఎస్ఓ ఫైలు, అంటే సెటప్ అంతా ఒకటిగా ఉండే ఫైలు, మైక్రోసాఫ్ట్ సైటు నుంచే దించాలి, ఎవరి పెన్‌డ్రైవ్‌లోంచో తీసుకోవద్దు. 25హెచ్2 వెర్షన్ తీసుకోండి. కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్ కావాలి, అందులోనివన్నీ చెరిగిపోతాయి కాబట్టి ఖాళీది వాడండి. రూఫస్‌లో స్టార్ట్ నొక్కగానే ఒక చిన్న కిటికీ వస్తుంది. అందులో 4 జీబీ ర్యామ్, సెక్యూర్ బూట్, టీపీఎం 2.0 అడగకుండా చేసే గడి ఉంటుంది. దాన్ని టిక్ చేయాలి. మైక్రోసాఫ్ట్ అకౌంట్ తప్పనిసరి కాకుండా చేసే గడి కూడా అక్కడే ఉంటుంది, మీ నాయన కోసం అది కూడా టిక్ చేయమంటాను. పొద్దున్నే మొదలుపెట్టండి. యూపీఎస్ బ్యాటరీ సరిగా లేకపోతే పక్కింటి నుంచైనా తెచ్చుకోండి. మన ఎండాకాలం కరెంటు సంగతి మీకు తెలిసిందే. ఎండాకాలం వచ్చేలోపే ఈ పని ముగించుకోవడం మేలు.

వేశాక ఎలా ఉంటుంది? సెట్టింగ్స్‌లో, కొన్నిసార్లు డెస్క్‌టాప్ మూల, సిస్టమ్ అర్హతలు సరిపోలేదని ఒక వాక్యం కనిపిస్తుంది. దాని వల్ల పని ఆగదు. ప్రతి నెలా రెండో మంగళవారం మైక్రోసాఫ్ట్ విడుదల చేసే భద్రతా అప్‌డేట్లు ఇలాంటి మెషీన్లకు ఇప్పటిదాకా వస్తూనే ఉన్నాయి. కానీ ఇస్తానని మైక్రోసాఫ్ట్ మాటివ్వలేదు. మద్దతు లేని మెషీన్లకు అప్‌డేట్లు పొందే హక్కు లేదనే రాసింది. ఆగిపోయిన రోజున అడిగే వీలు మనకుండదు.

నేను మొదట్లో చెప్పిన ఏటా పూట ఇక్కడ వస్తుంది. నెలనెలా వచ్చేవి వేరు, ఏడాదికోసారి వచ్చే పెద్ద వెర్షన్ వేరు. అది ఇలాంటి మెషీన్లకు దానంతటది రాదు. హోమ్, ప్రో ఎడిషన్లలో ఒక్కో వెర్షన్‌కి రెండేళ్లే ఆయుష్షు. 25హెచ్2కి 2027 అక్టోబర్ 12తో ముగుస్తుంది. ఆ లోపు ఎవరో ఒకరు కొత్త వెర్షన్ దించి, రూఫస్‌తో మళ్లీ పెన్‌డ్రైవ్ చేసి, ఈసారి విండోస్ నడుస్తుండగానే సెటప్ నడపాలి. ఫైళ్లూ ప్రోగ్రాములూ అలాగే ఉండి వెర్షన్ మారుతుంది. మారకముందు మళ్లీ బ్యాకప్ తీయాలి. ఆ "ఎవరో ఒకరు" ఎవరన్నదే నా ప్రశ్న. తమ్ముడి స్నేహితుడు అప్పటికి బెంగళూరులో ఉద్యోగంలో ఉండొచ్చు. తమ్ముడికి రొయ్యల పట్టుబడి రోజుల్లో తిండి తినే తీరికే ఉండదు. ఒంగోలు నుంచి కావలికి రైల్లో ఎంతసేపు? ఇంజినీరింగ్ చదువుకున్నారు, ఉత్తరంలో ర్యామ్ ఎంతో, ఏ తరమో గుర్తు పెట్టుకుని రాశారు. ఈ పని మీరే నేర్చుకోండి. మొదటిసారి ఆ అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుని, మౌస్ మాత్రం మీ చేతిలోనే ఉంచుకోండి. మీరు ఏటా సంక్రాంతికి వెళ్లినప్పుడు ఒక పూట ఇవ్వగలనంటే నిస్సంకోచంగా వేయించండి.

ఇవ్వలేనంటే అది తప్పేమీ కాదు. అప్పుడు నా సలహా మారుతుంది. ఆఫీసుల నుంచి వచ్చిన సెకండ్‌హ్యాండ్ డెస్క్‌టాప్‌లు, ఎనిమిదో తరం లేదా ఆ పైవి, టీపీఎం 2.0 ఉన్నవి దొరుకుతాయి. కొత్తదాని కంటే బాగా తక్కువలో వస్తాయి. వాటికి విండోస్ 11 సక్రమంగా వస్తుంది, పెద్ద వెర్షన్లు వాటంతటవే మారతాయి. మీ మానిటర్, కీబోర్డు, ప్రింటర్ అలాగే వాడుకోవచ్చు. ఫాంట్లు, పీడీఎఫ్‌లు, బ్యాకప్ గురించి చెప్పిందంతా అప్పుడు కూడా వర్తిస్తుంది.

విండోస్ బదులు లైనక్స్ మింట్ వేసుకోమని ఎవరైనా చెప్పొచ్చు. మంచి సిస్టమ్, ఉచితం, ఇలాంటి పాత మెషీన్ల మీద తేలిగ్గా నడుస్తుంది. మీ ఇంట్లో అవసరం బ్రౌజరూ యూట్యూబూ మాత్రమే అయితే దాన్నే ముందు చెప్పేవాణ్ణి. కానీ అను కీబోర్డు ప్రోగ్రాం విండోస్ కోసం రాసింది. మీ నాయన వేళ్లకు అలవాటైన కీలు అక్కడ దొరకవు. ఆయన పద్యం మధ్యలో ఆగి అక్షరం వెతుక్కునే పరిస్థితి తేవొద్దు.

అదే కారణంతో, విండోస్ 11 వేశాక మీరు ఇంకో గంట ఉండండి. టాస్క్‌బార్ బొమ్మలు మధ్యలో కనిపిస్తాయి, సెట్టింగ్స్‌లో ఎడమ పక్కకు జరపండి. డెస్క్‌టాప్ మీద ఆయన ఫోల్డర్లు పాత చోటే, పాత పేర్లతోనే పెట్టండి. పాత తెరను ముందే ఫోటో తీసి ఉంచుకుంటే ఇది సులువు. తర్వాత పాత హార్డ్ డిస్క్‌ను పొడి గుడ్డలో చుట్టి, ఒక కవర్లో పెట్టి, దాని మీద తేదీ వేసి "అమ్మ ఫోటోలు, నాయన పద్యాలు, చెరపవద్దు" అని పెన్నుతో రాసి బీరువాలో పెట్టండి. కనీసం ఏడాది దాకా ఎవరికీ ఇవ్వొద్దు.

ఆఖరికి మీ నాయనను కుర్చీలో కూర్చోబెట్టి ఆయనకు ఇష్టమైన పద్యం ఒకటి తెరవమనండి. దాని కింద కొత్తగా ఒక పాదం టైపు చేయించి ప్రింటు తీయండి. కాగితం మీద క్రావడులు, వత్తులు ఎక్కడివక్కడ పడ్డాయో లేదో ఆయన కళ్లజోడు పెట్టుకుని చూస్తారు. ఆయన సరేనన్నాక పెన్‌డ్రైవ్ తీసి, దాని మీద 25హెచ్2 అని రాసి మీ బ్యాగులో వేసుకోండి.